షెడ్డుకి వెళ్ళే తీగ

ఫ్రిజ్ ఒకసారి గట్టిగా వణికి ఊరుకుంది. ఇక ఇంట్లో చప్పుడన్నదే లేకుండా పోయింది, ఇన్నేళ్ళూ ఈ ఫ్రిజ్ ఇంత గోల చేస్తూ ఉండేదా అని నోలీన్ ఆశ్చర్యపోయింది, వంటగది కిటికీ పక్క కుర్చీలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, ఏదైనా పని చేద్దామంటే ప్రతిదానికీ కరెంటే కావాలి, కెటిల్ కరెంటుది, పొయ్యి కరెంటుది, తొట్టిలోని వాననీళ్ళు కుళాయిలోకి రావాలన్నా మోటారు తిరగాలి, చివరికి ఏమీ చెయ్యకుండా కూర్చోవడం ఒక్కటే కరెంటు లేకుండా అయ్యే పని. బయట కొత్త కరెంటు స్తంభం గడ్డిలో పడుకుని ఉంది, ఇనుపది, ఎండకి కళ్ళు చెదిరేలా మెరుస్తోంది. పాతది ఇంకా నిలబడే ఉంది, కాసేపట్లో పీకేస్తారు. దాని వెనక షెడ్డు, షెడ్డు ముందు కెల్ యూట్, ఆ బండి వెనక తొట్టిలో విప్పదీసిన మంచం కోళ్ళు, చేపల గేలాలు, రెండు పెట్టెలు, పైన కప్పిన నీలం పట్టా. కెల్ ఆవిడ మొగుడు. వెళ్ళిపోతున్నాడు. హార్వీ బేలో, సముద్రం ఒడ్డున, కారవాన్ పార్కులో చోటు దొరికిందట, స్తంభం దింపేదాకా ఉండి సాయంచేసి పోతానన్నాడు. ఉండు అనాలి. అంతే, ఒక్కమాట. ఇంతలేసి మాటలు పలికిన నోరు, కింగరాయ్ సంతలో వేరుశనగ బస్తా తూకం దగ్గర మగాళ్ళని గడగడలాడించిన నోరు, ఆ రెండక్షరాలకి మాత్రం రాత్రి నుంచీ పెగలడం లేదు.

షెడ్డుకి అతన్ని పంపింది ఆవిడే. పంపింది అంటే కూడా పెద్ద మాటే, అక్క వెర్నా టూవూంబా నుంచి వారం రోజులుండి పోదామని వచ్చింది, రెండో గదినిండా కుట్టుమిషన్లూ గుడ్డలూ, అక్క తన పక్కన పడుకోవాలి, కెల్ గురక పెడితే రేకుల కప్పు మీద తిరిగే పాసమ్ జంతువు కూడా లేచి పోతుంది, అందుకని ‘ఈ వారం షెడ్డులో పడుకోరాదూ’ అంది, అతను ‘సరే’ అని తలగడ చంకలో పెట్టుకుని పోయాడు, ఈల వేసుకుంటూ పోయాడు కూడా, ఆ ఈల ఇప్పటికీ వినిపిస్తుంది. అక్క వెళ్ళిపోయింది. ఆ రాత్రి మంచం మీద అడ్డంగా పడుకుని, అబ్బ, ఎంత హాయి అనుకుంది, రేపొస్తాడులే అనుకుంది. రేపు వానొచ్చింది. ఎల్లుండి అతను షెడ్డులో అల్మరా ఒకటి బిగిస్తున్నాడు, సుత్తి చప్పుడు వింటూ, అల్మరా ఎందుకో అని ఇక్కడ ఆవిడ అనుకుంది, అడగలేదు. ఆ తర్వాత వేరుశనగ పీకే రోజులొచ్చాయి, పొద్దున్నే పోయి రాత్రి ఎర్రమట్టి కొట్టుకుని వచ్చేవాడు, ఆ కాళ్ళతో ఇంట్లోకి రాకుండా అక్కడే పడుకోవడమే నయం అనిపించింది. పిలిస్తే వద్దామని అతనూ, వస్తే రానిద్దామని తనూ. అలా ఎన్నేళ్ళు? వెర్నా చచ్చిపోయి కూడా మూడేళ్ళు దాటింది, అక్క వచ్చిన ఆ వారం మాత్రం ఇంకా అయిపోలేదు.

ఊళ్ళో ఎవరూ ఏమీ అనలేదు. షెడ్డులో ఉండే మొగుళ్ళు ఆ చుట్టుపక్కల ఇంకో ఇద్దరున్నారు, ఒకడు తాగుడు వల్ల, ఒకడు చర్చి వల్ల. వీళ్ళిద్దరికీ గొడవంటూ లేదు, అదే చిక్కు, గొడవుంటే రాజీ ఉండేది, ఎవడో ఒకడు తగ్గేవాడు. పిల్లలు కలగలేదు, అందుకు ఇద్దరిలో ఎవరూ ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు, అంత పెద్దదాన్ని అంత మర్యాదగా దాటినవాళ్ళు యాభై అడుగుల పెరడు దాటలేకపోయారు.

బయట షెల్లీ గొంతు వినిపించింది, ఎలక్ట్రీషియన్ షెల్లీ, పక్క లోయలో పుట్టి పెరిగిన పిల్ల, పిల్లేమిటి, నలభై దాటింది, ‘ఇంకొంచెం, ఇంకొంచెం, ఆఁ, చాలు, నా బూటు మీదికెక్కిస్తావా ఏంటి’ అని క్రేను బండివాణ్ణి అరుస్తోంది. బండి బరువు కాళ్ళు రెండూ నేలమీద దించి నిలబడింది. నిచ్చెన మీద నుంచి షెల్లీ తీగలు విప్పుతోంది, మొదట రోడ్డు మీది నుంచి వచ్చే లావుపాటిది, తర్వాత ఇంటికొచ్చేది, చివరికి షెడ్డుకి పోయేది. షెడ్డు తీగ సన్నగా ఉంటుంది, ఇంటి బోర్డులో మొదలై మళ్ళీ స్తంభం మీదికెక్కి అక్కణ్ణుంచి షెడ్డు చూరు మీదికి దిగుతుంది, మ్యాగ్‌పై పిట్టలు దానిమీదే కూర్చునేవి, గాలి వీస్తే ఊగుతుంది కాబట్టి అదంటే వాటికిష్టం. అది కిందపడింది. గడ్డిలో మెలికలు తిరిగి పడింది. నోలీన్ లేచి నిలబడి, ఎందుకు లేచిందో తెలియక మళ్ళీ కూర్చుంది.

ఆ తీగ చివర, వరండా గోడకున్న బోర్డులో, కింది వరుసలో చివరి స్విచ్. దానిమీద చీటీ కూడా లేదు, ఉండక్కర్లేదు, దాని చుట్టూ రంగు వేళ్ళు తగిలి తగిలి అరిగిపోయింది. మొదట్లో రాత్రి భోజనానికి షెడ్డుదాకా పోయి చెప్పేది. తర్వాత వరండాలోంచి కేకేసేది, అతని రేడియో హోరులో కేక వినపడేది కాదు. ఒక సాయంత్రం ఏదో ఫ్యూజు సంగతి చూద్దామని ఆ స్విచ్ దించి ఎత్తింది, షెడ్డులో దీపం ఆరి వెలిగింది, కెల్ పరుగెత్తుకుంటూ వచ్చాడు, ఒక కాలికే చెప్పు. ‘ఏమైంది నోల్, షాక్ కొట్టిందా?’ అని. ‘ఏమీ కొట్టలేదు, చాప్స్ చల్లారిపోతున్నాయి’ అంది. అంతే, ఆ రోజు నుంచీ అదే పిలుపు. ఒక్కసారి దించి, ఎత్తడం. షెడ్డు దీపం రెప్ప వేస్తుంది, రేడియో మాట మధ్యలో ఆగి మళ్ళీ అందుకుంటుంది, కెల్ వస్తాడు. బట్టలుతికే తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటాడు, తన వైపు కుర్చీలో కూర్చుంటాడు, తింటాడు, గిన్నెలు తుడిచి బోర్లిస్తాడు, ‘బావుంది నోల్’ అంటాడు, టార్చి తీసుకుని వెళ్ళిపోతాడు. అతని మంచం పక్కనుండే కరెంటు గడియారం ఆ దెబ్బకి రోజూ పన్నెండు దగ్గర మిణుకు మిణుకుమంటూ ఉండిపోయేది, దాన్ని సరిచెయ్యడం ఎప్పుడో మానేశాడు. ‘నా షెడ్డులో రోజుకొకటే ఘడియ, నువ్వు వంట చేసిన ఘడియ’ అనేవాడు. అప్పుడు నవ్వింది. అది నవ్వాల్సిన మాట కాదేమో, అందులో ఇంకేదో ఉందేమో, వంటగది బల్ల దగ్గర ఆ మాట పడేసి తన మొహంకేసి ఒక్క క్షణం చూశాడు కూడా, తను బఠాణీలు వడ్డిస్తోంది.

అన్నీ ఇలాగే. వేలితో చేసింది, నోటితో చెయ్యలేదు. ఎంత తెలివైనదాన్ననుకుందో ఆ స్విచ్ కనిపెట్టినందుకు. ఇప్పుడు కరెంటు లేదు, ఆ స్విచ్‌ని వందసార్లు ఎత్తి దించినా షెడ్డులో చీమ కూడా కదలదు, అతన్ని పిలవాలంటే తలుపు తీసుకుని బయటికి పోయి నోరు తెరవాలి. ఇంత చిన్న పనికి ఇంత భయమా. డెబ్బయ్యో పడిలో పడబోతున్న మనిషికి గుండె పెళ్ళిచూపుల పిల్లలా కొట్టుకోవడం ఏమిటి, సిగ్గుచేటు.

వెళ్ళిపోయే మాట పుట్టింది ఈ స్తంభం దగ్గరే. కరెంటు వాళ్ళ మనిషి వచ్చి సుత్తితో దాని మొదట్లో తట్టి చూశాడు, టంగుమనాల్సింది డొల్లగా మోగింది, పసుపు బిళ్ళ ఒకటి కొట్టి, స్తంభం మీ స్థలంలో ఉంది, మీ సొంతం, మీరే మార్పించుకోవాలి అని చెప్పి పోయాడు. షెల్లీకి ఫోన్ చేసింది. చేతులకి పిండి, ఫోన్ బల్లమీద పెట్టి గట్టిగా మాట్లాడుతోంది. ‘షెడ్డు లైను కూడా కొత్తదాని మీదికి ఎక్కించాలా నోలీన్?’ అని అడిగింది షెల్లీ. అప్పుడొచ్చింది ఆ ఆలోచన, ఎంత మంచి ఆలోచన అనిపించిందో, షెడ్డుకి తీగ లేకపోతే దీపం లేదు, హీటర్ లేదు, చలికాలం ముందుంది, అతను ఇంట్లోకి రాక ఏం చేస్తాడు, ఎవరూ ఎవర్నీ పిలవక్కర్లేదు, ఎవరూ తగ్గక్కర్లేదు, స్తంభమే తెచ్చి లోపల పడేస్తుంది. లోలోపల మురిసిపోతూ ‘షెడ్డుకెందుకులే షెల్లీ, అక్కడెవరు శాశ్వతంగా ఉండబోతారు’ అంది. వెనక్కి తిరిగితే గుమ్మంలో కెల్, చేతుల్లో చలికాచుకునే పొయ్యిలోకి కట్టెలు. కట్టెలు పెట్టెలో పేర్చాడు, ఒక్కొక్కటీ నెమ్మదిగా, చప్పుడు కాకుండా. ‘ఇవి కాస్త పచ్చిగా ఉన్నాయి, ముందు వెనకున్నవి వాడు’ అని చెప్పి పోయాడు.

ఆ క్షణంలోనైనా చెప్పొచ్చు. కెల్, నేనన్నది అది కాదు. ఆరు అడుగులు వెనకాల పోయి భుజం పట్టుకుంటే సరిపోయేది, పిండి చేతులైతేనేం. కానీ చెప్పాలంటే మొత్తం చెప్పాలి, నువ్వు లోపలికి రావాలని తీగ కోయించబోయాను అని చెప్పాలి, అది చెప్పేదయితే తీగెందుకు కోయించడం. వారం పోయాక రాత్రి భోజనాల దగ్గర బంగాళాదుంప నలుపుతూ ‘నెవ్ ఫోన్ చేశాడు, హార్వీ బేలో వాడి పక్క చోటు ఖాళీ అయిందట’ అన్నాడు, నెవ్ అతని పాత స్నేహితుడు. ‘అలాగా’ అంది. ‘సముద్రపు గాలి నడుముకి మంచిదంటారు.’ ‘మంచిదేగా మరి’ అంది. ఆ మాట తన గొంతులోంచే వచ్చింది, పక్కింటావిడ గొంతులోంచి కాదు. అతను ఇంకొంచెం గ్రేవీ పోసుకున్నాడు. ఉండు అంటానేమోనని పోసుకున్నాడు, తినడానికి కాదు, గ్రేవీ అంతా పళ్ళెంలోనే ఉండిపోయింది, ఆ పళ్ళెం తనే కడిగింది, కడుగుతున్నప్పుడు తెలిసింది.

వరండా మెట్ల మీద బూట్ల చప్పుడు. దోమల తెర అవతల కెల్, టోపీ తీసి చేత్తో పట్టుకుని, పరాయి ఇంటికొచ్చినట్టు.

‘నీ కెటిల్ చచ్చిందిగా. నా గ్యాస్ పొయ్యి కట్టేశాను గానీ, మళ్ళీ విప్పుతాలే. వాళ్ళకి టీ పడాలిగా.’

‘ఎందుకు విప్పడం, కట్టినవన్నీ.’

‘పట్టా కిందే ఉంది. ఎంతసేపు.’

‘పంచదార...’ అంది, అని ఆగింది, ఇదే సమయం, ఇంతకంటే మంచి సమయం రాదు, అతను కట్టింది విప్పుతానంటున్నాడు, అన్నీ విప్పెయ్ అంటే చాలు, నవ్వుతూ అనొచ్చు, ఎకసెక్కంగానైనా అనొచ్చు, ‘పంచదార ఎక్కడుంటుందో తెలుసుగా’ అంది.

‘తెలుసు’ అన్నాడు. లోపలికొచ్చి, డబ్బా తీసుకుని, ఆవిడ కుర్చీ వెనకనుంచి వెళ్తూ ఒక్క అడుగు ఆగాడు. సబ్బు వాసన, పాత చొక్కా వాసన. వెళ్ళిపోయాడు.

నోలీన్ కోటు వేసుకుని బయటికొచ్చింది. కూర్చుంటే ఇలాగే కూర్చుండిపోతాను అని తనని తాను తిట్టుకుని వచ్చింది. చలి గాలి, ఆకాశం కడిగినట్టుంది. క్రేను గొలుసు స్తంభం నడుముకి చుట్టారు. ఐరన్‌బార్క్ కర్ర అది, వీళ్ళ కొండ మీదిదే, పెళ్ళయిన కొత్తలో కెల్ తనే కొట్టి, తనే చెక్కి, నలుగురు స్నేహితుల్ని పిలిచి నిలబెట్టాడు, మొట్టమొదట దీపం వెలిగిన రాత్రి ఇంట్లో ఉన్నవన్నీ ఒకేసారి వేశారు, ఇస్త్రీ పెట్టె కూడా, ఊరికే, ఇద్దరూ వంటగదిలో డాన్సు చేశారు, కెల్‌కి డాన్సు రాదు, కాళ్ళు తొక్కాడు. ఆ తర్వాత ఎన్నేళ్ళకో ఒక పెద్ద గాలివాన. స్తంభం ఊగుతోంది, నాకు నిద్రపట్టడం లేదు, దాని మొదట్లో కాంక్రీటు పొయ్యి అని తను పట్టుబట్టింది. ‘వద్దు నోల్, ఊగితే ఊగనీ, ఊగేది విరగదు. కాంక్రీటు నీళ్ళు పట్టేసి ఉంచుతుంది, మట్టయితే ఆరిపోతుంది’ అన్నాడు. అయినా తను వినలేదు, నెలపాటు చెవిలో జోరీగలా పోరింది, నా నిద్ర సంగతి నీకు పట్టదు అంది, నీకేదీ పట్టదు అంది. ఒక ఆదివారం మాట్లాడకుండా బస్తాలు తెచ్చి కలిపి పోశాడు. తాపీ పెట్టి పైన నున్నగా తనే సరిచేసింది, ఆరకముందే ఎర్ర కోడి ఒకటి దానిమీదుగా నడిచిపోయింది, ఆ కాలి గుర్తులు నిన్న పొద్దుటిదాకా ఉన్నాయి, స్తంభం పీకడానికని కెల్ వాటిని సుత్తితో పగలగొట్టాడు.

‘అందరూ దూరం జరగండి’ అని షెల్లీ అరిచింది. గొలుసు బిగిసింది. స్తంభం మూలిగింది, కదిలింది, పైకి లేచింది. దాని మొదలు కనిపించింది. నేలకి సరిగ్గా సమంగా ఉన్న చోట, కాంక్రీటు పట్టుకుని ఉన్న చోట, కర్ర లేదు, నల్లటి పొట్టు, చెదలు, వేలు పెడితే దిగిపోయేంత మెత్తన. దానికి జానెడు కింద, మట్టిలో ఉన్నది మాత్రం ఎర్రగా, గట్టిగా, నిన్న కొట్టినట్టుంది. పైనున్నదీ అంతే.

షెల్లీ వంగి, స్క్రూడ్రైవరుతో పొడిచి చూసింది. ‘చూశారా, నడుం పట్టేసి చంపారు దీన్ని. కాంక్రీటు పొయ్యకుండా ఉంటే మనందరం పోయాక కూడా నిలబడి ఉండేది. ఎవరికొచ్చిందండీ ఈ బుద్ధి?’

నోలీన్ తిరిగి చూసింది. కెల్ టీ కప్పులు పళ్ళెంలో పెట్టుకుని వస్తున్నాడు, మొదలుకేసి చూశాడు, ఎక్కువసేపు చూడలేదు. నేను చెప్పానా లేదా అనడానికి జీవితంలో అతనికి దొరికిన ఒకే ఒక్క మంచి అవకాశం ఇది, చుట్టూ జనం, నడిమధ్యన సాక్ష్యం, అంటాడు, అననీ, అంటే బావుండు, అంటే తనూ ఏదో అనొచ్చు, ఇద్దరూ గట్టిగా అరుచుకోవచ్చు, ఇన్నేళ్ళుగా జరగని ఆ గొడవేదో ఇక్కడ జరిగిపోతుంది, అరుపుల్లో ఆ మాట కూడా బయటపడుతుంది.

‘నాకే, షెల్లీ’ అన్నాడు కెల్. ‘కుర్రతనం. కాంక్రీటు పోస్తే గట్టిగా ఉంటుందనుకున్నా. పంచదార ఎన్ని?’

‘రెండు’ అంది షెల్లీ. ‘మా నాన్న కూడా ఇంతే చేశాడు లెండి, కోళ్ళ దొడ్డి గుంజలకి. గట్టిగా పట్టుకుంటే నిలబడుతుందనే అనుకుంటారు అందరూ.’

కెల్ కప్పు తెచ్చి నోలీన్ చేతికిచ్చాడు. ఆవిడ టీలో ఎన్ని పాలు పోసుకుంటుందో అన్నే పోశాడు. ఆవిడ అతని మొహంకేసి చూసింది, అక్కడ కోపం లేదు, త్యాగం చేసినవాడి వాలకం కూడా లేదు, టీ వేడిగా ఉందో లేదో అన్న ధ్యాస తప్ప ఏమీ లేదు. ఎంత కాలంగా ఇలా తన తప్పులు మోస్తున్నాడో, ఎన్నింటిని తనకి చెప్పకుండానే మోశాడో. ఏడుపొచ్చింది. టీ తాగింది. నాలిక కాలింది.

ఆ తర్వాత అంతా తొందరగా జరిగిపోయింది, జరగకూడదనుకున్నవన్నీ తొందరగానే జరుగుతాయి. బోరు మర ఎర్రమట్టిని చుట్టలు చుట్టలుగా పైకి తోడింది. ఇనుప స్తంభం గాల్లో ఒకసారి తిరిగి నిటారుగా దిగింది. కెల్ మట్టం పట్టి చూశాడు, ‘కొంచెం తూర్పుకి, ఇంకొంచెం, ఆఁ అదీ’ అని. పాత స్తంభం గడ్డిలో పొడుగ్గా పడుకుంది. షెల్లీ మళ్ళీ నిచ్చెనెక్కింది, రోడ్డు తీగ, ఇంటి తీగ. పైనుంచే అడిగింది.

‘షెడ్డు లైను వద్దన్నారు కదా? చుట్టి పక్కన పెట్టెయ్యనా?’

‘అవసరం లేదు, నేను పోతున్నాగా’ అన్నాడు కెల్ కిందనుంచి, తేలిగ్గా.

‘ఎక్కించు’ అంది నోలీన్.

తనకే తెలియకుండా గట్టిగా వచ్చింది. క్రేనువాడు కూడా తిరిగి చూశాడు. కెల్ మట్టం కొయ్య చేతిలో పట్టుకుని ఆవిడవైపు తిరిగాడు. టోపీ నీడలో కళ్ళు కనిపించలేదు గానీ ఆగిపోయాడు, మొత్తం మనిషి ఆగిపోయాడు, ఊపిరి కూడా ఆపుకున్నాడేమో. అతను వింటున్నాడు. ఇన్నేళ్ళలో అతనింతగా వినడం ఎప్పుడూ చూడలేదు. చెప్పు. చెప్పవే మొద్దూ. ఈ ఇద్దరు పరాయివాళ్ళు ఉంటేనేం, వాళ్ళు రేపటికి మర్చిపోతారు.

‘కోళ్ళకి’ అంది. ‘చలికాలం పిల్లలకి దీపం పెట్టాలిగా.’

కెల్ తలూపాడు. కాసేపటికి ఇంకోసారి ఊపాడు. ‘అవును, కోళ్ళకి కావాలి’ అని, మట్టం కొయ్యని జాగ్రత్తగా తుడిచి షెల్లీ పెట్టెలో పెట్టాడు.

షెడ్డు తీగ పైకి లేచింది. ఇంకా కరెంటు ఇవ్వలేదు, రోడ్డు మీద వేరే మనిషి వచ్చి కలపాలట, దారిలో ఉన్నాడట. కెల్ ఆగలేదు. ‘చీకటి పడితే రోడ్డుమీద కంగారూలు’ అన్నాడు. గ్యాస్ పొయ్యి తెచ్చి వరండాలో పెట్టాడు, ‘ఇది నీకే, మళ్ళీ కరెంటు పోతే’ అన్నాడు. రేడియో షెడ్డులోనే ఉందట, పాతది, బరువు, కారవాన్‌లో దానికి చోటుండదట. వరండా కమ్మీ మీద అరచేత్తో రెండుసార్లు తట్టాడు, గుర్రం మెడమీద తట్టినట్టు. ఎదురుగా నిలబడ్డాడు. పొద్దున గీసుకున్న గడ్డం, చెవి కింద కొంచెం సబ్బు ఉండిపోయింది, తుడవడానికి నోలీన్ చెయ్యి లేచింది, అదీ సగంలో కోటు బొత్తాం దగ్గర ఆగింది.

‘జాగ్రత్తగా నడుపు’ అంది.

‘అలాగే నోల్.’

యూట్ గేటు దాటింది. ఎర్ర దుమ్ము లేచి, దారి పొడుగునా నిలబడి, నెమ్మదిగా ఆవలి పొలంవైపు జరిగిపోయింది. షెల్లీ ఏదో మాట్లాడుతోంది, కొత్త స్తంభానికి రంగు వెయ్యక్కర్లేదని, చెదలు పట్టవని, ఊగదని. ఊగదు, సరే. నోలీన్ తలూపుతోంది. ఇప్పుడు ఎక్కడ ఉండి ఉంటాడు, వంతెన దగ్గర, పాల డెయిరీ దగ్గర, ఫోన్ చెయ్యొచ్చు, గుట్ట దాటితే సిగ్నల్ ఉండదు, గుట్ట దాటకముందే చెయ్యాలి, ఫోన్ ఎక్కడ, వంటగదిలో, వెళ్ళాలి. మెట్లెక్కుతుంటే రోడ్డు మీది నుంచి ఎవరో కేకేశారు, షెల్లీ ‘వస్తోంది!’ అని అరిచింది.

ఇంట్లో ఫ్రిజ్ వణికి మొదలైంది. అదే క్షణంలో షెడ్డులోంచి మగవాడి గొంతు.

నోలీన్ మెట్ల మీదే వెనక్కి తిరిగింది. వచ్చేశాడు. దొడ్డిదారిన వచ్చేశాడు, షెడ్డులో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. నాలుగడుగులు వేసింది, ఇంచుమించు పరుగే, చెప్పేస్తాను, ఇప్పుడు చెప్పేస్తాను అనుకుంటూ. ఆ గొంతు వేగం పెంచింది, పెంచి, పందెం గుర్రాల పేర్లు చదవడం మొదలుపెట్టింది. మూడో గుర్రం లోపలి కంచె వెంట దూసుకొస్తోందట.

రేడియో. పొద్దున కరెంటు తీసేసినప్పుడు వింటూ ఉండి ఉంటాడు, దానంతటదే నోరు మూసుకుంది, కరెంటు లేనప్పుడు సర్దుకుని వెళ్ళాడు, ఆపాడో ఆపలేదో ఎలా తెలుస్తుంది. షెడ్డు కిటికీలో దీపం కూడా వెలుగుతోంది, పట్టపగలు. గడియారం కూడా లోపలెక్కడో పన్నెండు దగ్గర మిణుకుతూ ఉంటుంది, తీసుకెళ్ళకపోయుంటే.

షెల్లీ వాళ్ళు సామాను ఎక్కించుకుని వెళ్ళిపోయారు. పాత స్తంభం గడ్డిలో ఉండిపోయింది, కావాలంటే కట్టెలకి పనికొస్తుంది, పైభాగమంతా గట్టిదే అని చెప్పి పోయారు. నోలీన్ వరండాలో ఒక్కతే నిలబడింది. ఫోన్ చేసింది, ఎత్తలేదు. గుట్ట దాటేశాడు. రేడియో మాట్లాడుతూనే ఉంది, ఇన్నేళ్ళూ రోజంతా వినపడి ఎన్నడూ వినని రేడియో, ఇప్పుడు ప్రతి మాటా వినిపిస్తోంది.

బోర్డు తలుపు తెరిచింది. కింది వరుసలో చివరి స్విచ్. వేలు దానంతటదే పోయి దానిమీద ఆగింది. దించింది. షెడ్డులో దీపం ఆరింది, రేడియో ఒక గుర్రం పేరు సగంలో ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో ‘ఉండు’ అంది. ‘కెల్, ఉండు.’ ఎంత తేలిగ్గా వచ్చిందో. ఎక్కడా అడ్డు పడలేదు, గొంతు వణకలేదు, ఎప్పుడూ అనే మాటలాగే వచ్చింది.

స్విచ్ ఎత్తింది. రేడియో మళ్ళీ అందుకుంది. ఆవిడ షెడ్డు తలుపుకేసి చూస్తూ, అతను బూట్లు వేసుకుని పెరడు దాటి రావడానికి ఎప్పుడూ పట్టేంతసేపు నిలబడింది. భోజనానికి ఇంకా చాలా పొద్దుంది.